విడిచిన తెలుపు: విద్యానగర వీధి చిత్రంలో సత్యం, బాధ్యత

ప్రస్తావన

హైదరాబాదుకు వాయవ్య దిశలో, ముంబై జాతీయ రహదారికి ఇరువైపులా విస్తరించిన ప్రాంతం చందానగర్. ఇక్కడి అపార్టుమెంట్లలో దేవుడి పటాలూ పెళ్లి ఫొటోలూ పోగా మిగిలిన గోడ మీద ఏదో ఒక విదేశీ వీధి వేలాడటం అరుదేమీ కాదు. అది నీటిరంగుల చిత్రానికి ముద్రిత ప్రతి. ఒక ప్రాచీన విశ్వవిద్యాలయ పట్టణం, మెల్లగా వంపు తిరిగిన వీధి, రెండు వైపులా శిఖరాలున్న రాతి భవనాలు, వాన వెలిసిన నేల మీద ఆకాశపు ఛాయ. ఆ వీధిలో మనుషులుండరు. ఉన్నా రెండు మూడు కుంచె గుర్తులుగా ఉంటారు.

అదే ఇంటి కిటికీ తెరిస్తే కనిపించే వీధి వేరు. అందులో కరెంటు స్తంభానికి చుట్టుకున్న కేబుల్ తీగల చుట్టలు, టిఫిన్ బండి, ఇస్త్రీ బల్ల, హాస్టల్ బోర్డులు, ఫ్లెక్సీలు, గేటు ముందు ప్లాస్టిక్ కుర్చీలో రాత్రంతా కూర్చున్న కాపలాదారు ఉంటారు. గోడ మీది వీధిని చూసి మనసు కుదుటపడుతుంది. కిటికీ బయటి వీధిని చూసి తలుపు మూయాలనిపిస్తుంది. ఈ రెండు అనుభవాల మధ్య తేడా కేవలం అభిరుచికి సంబంధించినదిగా కనిపిస్తుంది. కానీ దాని అడుగున ఒక నైతిక ప్రశ్న ఉంది. ఒక వీధి అందంగా కనబడటానికి అందులోని మనుషులను తొలగించవలసి వస్తే, ఆ అందం ఎవరి ఖర్చు మీద వచ్చినట్టు? చిత్రకారుడు వదిలివేసినది అబద్ధమవుతుందా?

చిత్రంలో వదిలివేతలన్నీ ఒకే జాతివి కావనీ, వదిలిన వస్తువు ఉనికిని చూపరికి చేరవేసే వదిలివేత ఒకటైతే, దాన్ని చూపరి స్మృతి నుంచే చెరిపే వదిలివేత మరొకటనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ భేదాన్ని నీటిరంగుల స్వభావం నుంచి, ఆక్స్‌ఫర్డ్ వీధి చిత్రాల చరిత్ర నుంచి, భారతీయ చిత్రశాస్త్ర, అలంకారశాస్త్ర భావనల నుంచి నిర్ధారించి, చివరకు చందానగర్ పరిసరాలకు అన్వయించడం దీని ఉద్దేశం.

నీటిరంగుల స్వధర్మం

తైలవర్ణ చిత్రంలో వెలుగు కూడా ఒక రంగే. చీకటి పూత ఆరిన తరువాత దాని మీద తెలుపు పెట్టి దీపాన్ని వెలిగించవచ్చు. ముందు చేసిన తప్పును తరువాతి పూతతో కప్పవచ్చు. పారదర్శకమైన నీటిరంగుల పద్ధతి ఇందుకు పూర్తిగా భిన్నం. అందులో కాంతి కాగితం నుంచి వస్తుంది. పలుచని రంగు పొర గుండా వెళ్లిన వెలుతురు అడుగున ఉన్న తెల్లని కాగితాన్ని తాకి తిరిగి కంటికి చేరుతుంది. గోడ మీద ఎండ పడినట్టు చూపాలంటే అక్కడ కుంచె ఆనించకూడదు. ఒకసారి రంగు పీల్చుకున్న కాగితం మళ్లీ మునుపటి తెలుపుకు రావడం కష్టం. దట్టమైన తెల్లరంగును చివర వాడే చిత్రకారులు లేకపోలేదు. కానీ ఈ మాధ్యమం ప్రత్యేకత కాగితాన్ని కాపాడుకోవడంలోనే ఉంది.

దీని నుంచి ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది. నీటిరంగుల చిత్రకారుడు ఏమి వేయాలో నిర్ణయించే ముందే ఏమి వేయకూడదో నిర్ణయించుకోవాలి. వదిలివేత ఇక్కడ పొరపాటు కాదు, అలసట కాదు. అది మొదటి సంకల్పం. కాబట్టి ‘నీవు దీన్ని ఎందుకు వదిలావు?’ అన్న ప్రశ్నకు ఈ చిత్రకారుడు మిగతా వారందరికంటే ఎక్కువగా జవాబుదారీ.

వదిలివేతలను మూడు విధాలుగా చూడవచ్చు. మొదటిది వెలుగు కోసం వదలడం: ఎండ పడిన మెట్లు, తడి రోడ్డు మీది మెరుపు. రెండవది పొదుపు కోసం వదలడం: వేపచెట్టు ఆకులన్నీ వేయకుండా పది కుంచె దెబ్బలతో చెట్టును సూచించడం. మూడవది సౌకర్యం కోసం వదలడం: చూసేవారికో కొనేవారికో ఇబ్బంది కలిగించేదాన్ని తీసివేయడం. మొదటి రెండూ వస్తువును చూపరికి దగ్గర చేస్తాయి. మూడవది చూపరిని వస్తువు నుంచి కాపాడుతుంది. చిక్కు ఏమిటంటే కాగితం మీద ఈ మూడూ ఒకే తెలుపుగా కనిపిస్తాయి. కాపలాదారు కుర్చీ ఉన్నచోట వదిలిన తెలుపుకూ, ఎండ పడినచోట వదిలిన తెలుపుకూ కంటికి తేడా లేదు. ఆ తేడాను గుర్తించే పనిలోకి నీతి విచారణ ప్రవేశిస్తుంది.

ఆక్స్‌ఫర్డ్ హైస్ట్రీట్: వీధి ఒకరిది, మనుషులు మరొకరివి

విశ్వవిద్యాలయ పట్టణపు వీధి అనే చిత్రవస్తువుకు ప్రసిద్ధమైన ఆనవాలు ఆక్స్‌ఫర్డ్ హైస్ట్రీట్. ఆ వీధికి ఇరువైపులా కళాశాలలు, చర్చీలు, దుకాణాలు కలిసి ఉంటాయి. విద్యకూ వ్యాపారానికీ మధ్య అక్కడ దూరం లేదు. ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ 1798-1804 మధ్య ఆక్స్‌ఫర్డ్ ఆల్మనాక్ కోసం 10 నీటిరంగుల చిత్రాలు వేశాడు. ఆల్మనాక్ అంటే విశ్వవిద్యాలయం ఏటా ఒకే పెద్ద కాగితం మీద అచ్చు వేసే పంచాంగం వంటిది. పైభాగంలో కళాశాలల దృశ్యం, కింద తేదీలూ అధికారుల పేర్లూ ఉండేవి. తెలుగు ఇళ్లలో దుకాణాల వారు పంచే గోడ క్యాలెండరుకు దాన్ని దూరపు బంధువనవచ్చు. విద్యాపట్టణ దృశ్యం ప్రతి ఇంటి గోడకూ చేరే వస్తువుగా మారిన మార్గంలో అదొక మజిలీ.

1809లో ఆక్స్‌ఫర్డ్‌లోని చిత్రాల వ్యాపారి జేమ్స్ వయట్ హైస్ట్రీట్ చిత్రం కోసం టర్నర్‌ను ఆశ్రయించాడు. 1810లో ప్రదర్శితమైన ఆ చిత్రం తైలవర్ణంలో ఉంది. 2015 నుంచి అది ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియం సొత్తు. వయట్ ఉద్దేశం చిత్రాన్ని ఇంట్లో పెట్టుకోవడంతో ఆగలేదు. దాన్ని లోహఫలకం మీద చెక్కించి ప్రతులు అమ్మాలనుకున్నాడు. 1812 నాటి ఆ ముద్రణలో వీధిదృశ్యాన్ని జాన్ పై చెక్కితే, మనుషుల ఆకారాలను చార్లెస్ హీత్ చెక్కాడు.

ఆ కాలపు ముద్రణా పరిశ్రమలో ఇటువంటి పని విభజన మామూలే. ఒకరికి రాయి చెక్కడంలో నేర్పు, మరొకరికి దేహం చెక్కడంలో నేర్పు. అయినా ఈ మామూలు వివరమే ఒక ధోరణిని బయటపెడుతుంది. వీధి మొదట భవనాలుగా సిద్ధమవుతుంది. మనుషులు తరువాత చేర్చదగిన వస్తువులుగా వస్తారు. పరిమాణం తెలియడానికి ఒక బొమ్మ, ఖాళీ నిండటానికి ఒక బొమ్మ, రంగు సమం కావడానికి ఒక బొమ్మ. ఇలా వచ్చిన మనిషి చిత్రంలో ఉన్నా వీధిలో ఉన్నట్టు కాదు. తీసివేస్తే వీధి మారకపోతే, అతడు అక్కడ నివసించనట్టే లెక్క.

కాబట్టి మనుషులున్న చిత్రం నీతిగలదనీ, లేనిది నీతిలేనిదనీ తేల్చడం తొందరపాటు. మనుషులతో నిండి కూడా ఒక వీధి నిర్మానుష్యంగా ఉండవచ్చు.

రస్కిన్ అభియోగం

ఈ ప్రశ్నను పంతొమ్మిదవ శతాబ్దంలో తీవ్రంగా ఎదుర్కొన్నవాడు జాన్ రస్కిన్. టర్నర్‌ను అందరికంటే గట్టిగా సమర్థించిన విమర్శకుడు ఆయనే. 1856లో వెలువడిన ‘మోడర్న్ పెయింటర్స్’ నాల్గవ సంపుటంలో ఆయన చిత్రరమణీయతను రెండుగా విడదీశాడు. శిథిలమైన గుడిసెను, పాచిపట్టిన గోడను, చిరుగుల బట్టలను వాటి గరుకుదనం కోసం మాత్రమే ప్రేమించే చూపు తక్కువ రకానిది. ఆ గుడిసెలో ఎవరు ఎలా బతుకుతున్నారన్న తలపు ఆ చూపుకు రాదు. అందుకే దాన్ని రస్కిన్ హృదయం లేని చూపుగా నిందించాడు. ఆ శైథిల్యం వెనుక ఉన్న బాధను, ఓర్పును లోలోపల గుర్తిస్తూనే గీసే చూపు మేలైనది. టర్నర్‌లో ఆయన చూసింది దాన్నే.

ఈ అభియోగం వదిలివేత సమస్యను రెండవ వైపు నుంచి చూపిస్తుంది. మనిషిని తుడిచివేయడం ఒక దోషమైతే, మనిషి దైన్యాన్ని రుచిగా వాడుకోవడం మరొక దోషం. కిటికీ బయటి ఇస్త్రీ బల్లను తీసేసిన చిత్రకారుడిని తప్పుపట్టి, దాన్ని ‘స్థానిక సొగసు’ కోసం మాత్రమే చేర్చిన చిత్రకారుడిని మెచ్చుకోవడం కుదరదు. ఇద్దరికీ ఆ బల్ల వెనుక నిలబడిన మనిషితో పని లేదు.

రస్కిన్ 1869లో ఆక్స్‌ఫర్డ్‌లో లలితకళల స్లేడ్ ఆచార్య పదవికి ఎంపికయ్యాడు. 1871లో అక్కడ చిత్రలేఖన పాఠశాల స్థాపించాడు. 1874లో ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న హింక్సీ గ్రామంలో రోడ్డు బాగుచేయడానికి విద్యార్థులను పార, గునపం పట్టించి తీసుకువెళ్లాడు. ఆ విద్యార్థులలో ఆస్కార్ వైల్డ్, ఆర్నాల్డ్ టాయిన్‌బీ ఉన్నారు. ఆ రోడ్డు గొప్పగా ఏమీ తయారు కాలేదు, చూసినవారు నవ్వుకున్నారు. అయినా వీధిని చూడటం నేర్పే ఆచార్యుడు వీధిని వేయడం కూడా నేర్పాలనుకోవడం ఒక సిద్ధాంతమే. కాళ్ల కింది రాయి ఎవరి చేతులతో పరచుకుందో తెలిసినవాడి కుంచె ఆ రాయిని వేరుగా వేస్తుందన్న నమ్మకం దాని వెనుక ఉంది.

సాదృశ్యం, చైతన్యం, ధ్వని

భారతీయ చిత్రశాస్త్రం ఈ విచారణకు తనవైన పరికరాలను ఇస్తుంది. కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో చిత్రానికి ఆరు అంగాలు పేర్కొన్నాడు: రూపభేదాలు, ప్రమాణాలు, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. వీటిలో సాదృశ్యం ఒకటి మాత్రమే అన్న సంగతి గమనించదగినది. పోలిక చిత్రానికి అవసరం. అయితే పోలిక ఒక్కటే చిత్రం కాదు. ఉన్నదంతా వేయలేదు గనక చిత్రం అసత్యమన్న వాదం ఇక్కడే వీగిపోతుంది. లావణ్యం ఒక ‘యోజన’ అయినప్పుడు ఎంపిక శాస్త్రసమ్మతమే.

విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం చిత్రాలను సత్యం, వైణికం, నాగరం, మిశ్రం అని నాలుగు విధాలుగా విభజిస్తుంది. లోకంలోని వస్తువును పోలినది సత్యచిత్రం. ఊరి పేరు, వీధి పేరు కింద రాసిన చిత్రం ఈ వర్గంలో తన స్థానాన్ని కోరుకుంటుంది. పేరు లేని ఊహావీధికి లేని బాధ్యత, పేరున్న వీధికి వస్తుంది. అదే గ్రంథం చిత్రజ్ఞుడికి పెట్టిన ఒక పరీక్ష మరింత ముఖ్యమైనది. నిద్రపోయే మనిషికీ ప్రాణం పోయిన మనిషికీ ఆకారంలో పెద్ద భేదం లేదు. ఒకరిలో చైతన్యాన్ని, మరొకరిలో దాని లేమిని చూపగలగడమే నేర్పుకు కొలత. వీధి చిత్రంలోని మనుషులను ఈ కొలతతో చూస్తే, ఖాళీ నింపడానికి పెట్టిన బొమ్మలు నడుస్తున్నట్టున్నా చైతన్యం లేనివే. రెండే కుంచె గుర్తులతో వేసినా, బరువు మోస్తున్నందువల్ల ఒక భుజం వంగిన మనిషి ప్రాణమున్నవాడు. అతడి ముఖం వేయకపోవడం లోపం కాదు.

ఇక్కడ ఆనందవర్ధనుని ధ్వని సిద్ధాంతం తోడ్పడుతుంది. చెప్పని అర్థం చెప్పిన మాటల ద్వారానే సహృదయుడికి చేరడం ధ్వని. చెప్పకపోవడం అంతా ధ్వని కాదు. చెప్పినదానిలో సూచన లేనప్పుడు మిగిలేది మౌనం మాత్రమే. ఈ భేదాన్ని చిత్రానికి అన్వయిస్తే వదిలివేతల వర్గీకరణ స్పష్టమవుతుంది. తెల్లవారుజామున ఊడ్చిన వీధిలో చీపురు గీతలు కనిపిస్తే, ఊడ్చిన మనిషి చిత్రంలో లేకపోయినా వీధిలో ఉంది. వీధి ఎవరూ ఊడ్వకుండానే శుభ్రంగా పుట్టినట్టు కనిపిస్తే, ఆమె చిత్రంలోనూ లేదు, చూపరి తలపులోనూ లేదు. మొదటి తెలుపు వ్యంజకం. రెండవ తెలుపు తిరస్కారం.

తెలుగు కావ్యసంప్రదాయం కూడా ఈ రెండు చూపులనూ ఎరుగును. ప్రబంధాల అష్టాదశ వర్ణనల్లో పురవర్ణన ఒకటి. మనుచరిత్ర ఆరంభంలో అరుణాస్పదపురాన్ని వర్ణిస్తూ పెద్దన మేడల ఎత్తుతో ఆగలేదు. నాలుగు వర్ణాలవారినీ, పూలమ్మే స్త్రీలనూ చెప్పాడు. అయితే అక్కడ ప్రతివారూ తమ వర్గానికి ఆదర్శరూపాలే. కష్టం, అలసట ఆ పురంలోకి రావు. శిల్పం దృష్ట్యా అది దోషం కాదు. పురవర్ణన కథకు తోరణం కట్టే ప్రక్రియ. వినుకొండ వల్లభరాయుని పేరుతో వ్యాప్తిలో ఉన్న క్రీడాభిరామం ఇందుకు భిన్నమైన దారి తొక్కింది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతుంటే నగరం మనుషుల పనులుగా, బేరాలుగా, వినోదాలుగా, పూటకూళ్లింటి భోజనంగా విప్పుకుంటుంది. ఆ కృతిలోని చూపు నిర్దోషం కాదు. ముఖ్యంగా స్త్రీలను చూసే తీరులో విలాసపురుషుడి దృష్టి బలంగా ఉంది. అయినా కాకతీయుల ఓరుగల్లును ఊహించుకోవాలనుకునే సామాజిక చరిత్రకారులు కోట కొలతలతో పాటు ఆ వీధినీ ఆశ్రయించక తప్పలేదు. వీధి జ్ఞాపకం మనుషుల పనుల్లో నిలుస్తుందనడానికి ఇది తెలుగులోనే ఉన్న నిదర్శనం.

ఆక్స్‌ఫర్డ్ నీటిరంగులకూ తెలుగునేలకూ ప్రత్యక్ష సంబంధం కూడా ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న ఆస్వాల్డ్ కూల్డ్రే 1909 నుంచి దాదాపు దశాబ్దం పాటు రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నాడు. స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. దామెర్ల రామారావు (1897-1925), అడివి బాపిరాజు ఆయన ప్రోత్సాహం పొందినవారు. రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చదవడం వెనుక ఆయన పూనిక ఉంది. ఆ పాఠం విదేశీ వీధిని అనుకరించమని చెప్పలేదు. రామారావు తన మాధ్యమాన్ని తన నేలమీది మనుషుల వైపు, వారి దైనందిన జీవితం వైపు తిప్పుకున్నాడు. సాధనం పరాయిదైనా చూపు పరాయిది కానవసరం లేదని ఆ చిన్న జీవితం నిరూపించింది.

గోడ లోపల, గోడ వెలుపల

హైదరాబాదులో విశ్వవిద్యాలయ వీధి చరిత్ర ఆక్స్‌ఫర్డ్‌కు తలకిందులు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలినాళ్లలో నగరం నడిబొడ్డున అద్దె భవనాల్లో నడిచింది. తరువాత అడిక్‌మెట్ వైపు విశాలమైన ఆవరణకు తరలింది. 1939లో పూర్తయిన ఆర్ట్స్ కళాశాల భవనం ఆ తరలింపుకు శిఖరం. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం కథ కూడా అంతే. 1973 నాటి ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో ఏర్పడిన ఈ సంస్థ సరోజినీ నాయుడి కుటుంబ గృహమైన గోల్డెన్ త్రెషోల్డ్‌లో, నాంపల్లి సందడి మధ్య మొదలైంది. అక్కడి నుంచి నగరానికి దూరంగా గచ్చిబౌలి బండరాళ్ల మధ్యకు వెళ్లింది. రెండు సందర్భాల్లోనూ విద్య వీధి నుంచి లేచి గోడ లోపలికి చేరింది.

గచ్చిబౌలిలో చరిత్ర అక్కడితో ఆగలేదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తరువాతి రెండున్నర దశాబ్దాల్లో నగరమే నడిచివచ్చి విశ్వవిద్యాలయ ప్రహరీని చుట్టుముట్టింది. 2003లో ఎంఎంటీఎస్ రైళ్లు మొదలయ్యాక లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట స్టేషన్లు ఉద్యోగులకూ విద్యార్థులకూ గుమ్మాలయ్యాయి. ఈ విధంగా చందానగర్ ఎవరూ అలా పిలవకపోయినా ఒక విశ్వవిద్యాలయ పట్టణపు వీధి అయింది. పరిశోధక విద్యార్థి అద్దెగది, జెరాక్స్ దుకాణం, నెలవారీ మెస్సు, పోటీపరీక్షల పుస్తకాల అర ఇక్కడ ఉంటాయి. ఐటీ ఉద్యోగి రాత్రి షిఫ్టు కారు, ఆ కారు నడిపే మనిషి నిద్ర కూడా ఇక్కడివే.

ఈ వీధిని చారిత్రకమనడానికి అభ్యంతరం ఉండవచ్చు. ఇక్కడ శిఖరాలు లేవు. ఇంటి వయసు ఇంట్లో పెరిగిన పిల్లవాడి వయసును మించదు. కానీ చారిత్రకత రాతి వయసు అయితే, ఆక్స్‌ఫర్డ్ భవనాలకంటే ఈ ప్రాంతపు గ్రానైటు బండలు ఊహకందనంత పురాతనమైనవి. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. చారిత్రకత మనుషుల ప్రయాణం అయితే, పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా, బీహార్ నుంచి వచ్చి ఈ మేడలు కట్టిన కూలీల ప్రయాణమూ చరిత్రే. ఈ వీధికి చరిత్ర ఉంది. దాన్ని చరిత్రగా చూపిన చిత్రాలే అరుదు.

2025 వసంతంలో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల భూమి విషయమై వివాదం చెలరేగి, చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు నిలిపివేసినప్పుడు ఈ ప్రశ్న చిత్రశాలను దాటి బయటకు వచ్చింది. ఆ వివాదంలోని న్యాయాన్యాయాల నిర్ణయం ఈ వ్యాస పరిధిలోనిది కాదు. కానీ చూపుకు సంబంధించిన ఒక పాఠం అందులో ఉంది. ఒక భూమిని ఖాళీ స్థలంగా చూపిన చిత్రంలో చెట్లు, బండలు, నెమళ్లు వదిలివేతకు గురవుతాయి. అదే భూమిని కేవలం అడవిగా చూపిన చిత్రంలో చుట్టూ ఉన్న నగరం, ఆ నగరంలో ఉపాధి వెతుక్కునే జనం వదిలివేతకు గురవుతారు. ‘ఖాళీ’ అన్న మాట తెల్లకాగితం లాంటిది. అక్కడ నిజంగా ఏమీ లేదా, లేక ఉన్నదాన్ని వేయకుండా వదిలారా అన్నది ఆ మాట చెప్పదు.

రెండు ఆక్షేపణలు

ఈ వాదానికి రెండు బలమైన ఆక్షేపణలున్నాయి. మొదటిది కళాస్వాతంత్ర్యానికి చెందినది. చిత్రకారుడు సర్వే ఉద్యోగి కాడు, సాక్షి కాడు. చిత్రం ఒక ప్రకటన చేయదు. ప్రకటన చేయనిది అబద్ధం కాలేదు. అలసివచ్చిన మనిషికి గోడ మీద ప్రశాంతమైన వీధి కావాలనుకునే హక్కు లేదా?

ఈ ఆక్షేపణలో సగం సమంజసం. ప్రశాంతత కోరుకోవడం నేరం కాదు. పగలంతా తెర ముందు కూర్చుని, గంటసేపు ట్రాఫిక్‌లో నలిగి వచ్చినవారికి ఆ తడి వీధి ఇచ్చే ఊరటను తక్కువ చేయడం దయలేని విమర్శ. కానీ ఊరటకూ మరపుకూ తేడా ఉంది. ఊరట పొందినవాడు మరునాడు అదే వీధిలోకి కొంత తేలికైన మనసుతో దిగుతాడు. మరపుకు అలవాటుపడినవాడికి ఆ వీధిలోని మనుషులు అడ్డంకులుగా మారతారు. పుట్‌పాత్ మీది బండిని ‘దృశ్యానికి మచ్చ’ అనే భాష చిత్రాల నుంచి నగర ప్రణాళికల్లోకి సులభంగా ప్రవేశిస్తుంది. కాగితం మీద మనిషిని తీసేయడానికి ఒక కుంచె చాలు. వీధిలో తీసేయడానికి ఒక ఉత్తర్వు చాలు. రెంటి వెనుకా ఒకే రకం చూపు ఉండే అవకాశాన్ని కళాస్వాతంత్ర్యం పేరుతో పక్కకు నెట్టలేము. పైగా చిత్రం కింద వీధి పేరు రాసిన క్షణంలోనే అది ప్రకటన చేసింది. ‘ఇది ఫలానా చోటు’ అంది.

రెండవ ఆక్షేపణ వ్యతిరేక దిశ నుంచి వస్తుంది. వదిలివేతే దోషమైతే చిత్రకారుడు ప్రతి తీగనూ, ప్రతి ఫ్లెక్సీనీ, ప్రతి మనిషినీ వేయాలి కదా. అప్పుడు చిత్రం మిగలదు, జాబితా మిగులుతుంది. ఇది కూడా కొంతవరకు నిజమే. అయితే ఈ వ్యాసం కోరేది సంపూర్ణత కాదు. అన్నీ వేసిన చిత్రంలోనూ అపచారం సాధ్యమని హైస్ట్రీట్ ముద్రణ, రస్కిన్ అభియోగం చూపాయి. కోరేది వదిలినదాని జాడ. కేబుల్ తీగలన్నీ వేయనక్కరలేదు. ఒక తీగ నీడ గోడ మీద పడితే చాలు. కాపలాదారు ముఖం వేయనక్కరలేదు. ఖాళీ కుర్చీ, దాని చేతి మీద ఆరేసిన తువ్వాలు చాలు. ధ్వనికి కావలసింది వ్యంజకం ఒక్కటే. అది లేనప్పుడు ఎంత నిపుణమైన పూత అయినా మౌనంగానే మిగులుతుంది.

ముగింపు

వీధి చిత్రంలో సత్యాన్ని వస్తువుల సంఖ్యతో కొలవలేము. నీటిరంగుల మాధ్యమంలో వదిలివేత అనివార్యం. అనివార్యమైనది గనకే దానికి కారణం అడగవచ్చు. వెలుగు కోసం, పొదుపు కోసం చేసే వదిలివేత వదిలిన వస్తువును చూపరి మనసులో నిర్మిస్తుంది. సౌకర్యం కోసం చేసే వదిలివేత దాన్ని చూపరి లోకం నుంచే తొలగిస్తుంది. ఈ రెంటినీ వేరుచేసే గుర్తు చిత్రంలోనే ఉంటుంది: వీధిని వీధిగా నిలబెట్టిన శ్రమకు ఎక్కడైనా జాడ మిగిలిందా, కనిపించే మనిషిలో చైతన్యం ఉందా, పేరు చెప్పిన చోటుకు చిత్రం కట్టుబడి ఉందా అన్న పరిశీలనే ఆ గుర్తును పట్టిస్తుంది. చిత్రసూత్రం, ధ్వనిసిద్ధాంతం ఈ పరిశీలనకు చాలినంత పదజాలాన్ని ఇస్తున్నాయి. తెలుగు పురవర్ణనల అధ్యయనంలోనూ ఇదే కొలతను వాడితే, నగరం గురించిన కావ్యాల్లో ఎవరి పని కనిపిస్తోంది, ఎవరి పని తెలుపుగా మిగిలింది అన్న ప్రశ్నకు కొత్త సమాధానాలు దొరకవచ్చు.

చందానగర్ ఇంటి గోడ మీది విదేశీ వీధిని దించివేయవలసిన అవసరం లేదు. ఆ వీధిలో తెల్లవారుజామున రాళ్లు కడిగినవారు, పాలు తెచ్చినవారు ఒకనాడు ఉండే ఉంటారని తలచినా ఆ చిత్రం కొంత నిజమవుతుంది. కిటికీ బయటి వీధికి మాత్రం ఇంకా చిత్రకారులు కావాలి. ఉదయం ఆరు గంటలకు కూలీల అడ్డా దగ్గర నిలబడినవారి మీద పడే తొలి ఎండను చూపాలన్నా కాగితంలో కొంత తెలుపు వదలాలి. దాని చుట్టూ వేసే రంగు ఆ మనుషులను చూపరికి గుర్తుచేయాలి.